ఊదా రంగు మరక

మా ఇంట్లో దుమ్ము రెండు రంగుల్లో దొరుకుతుంది. గాలి ఓపెన్‌కాస్టు బొగ్గు గని వైపు నుంచి వీస్తే నల్లది, అడవి దారి వైపు నుంచి వీస్తే ఎర్రది. సత్తుపల్లి పొలిమేరలో ఇల్లు కట్టుకున్నవాళ్ళందరికీ ఈ సౌకర్యం ఉచితం. పొద్దున తుడిచిన కిటికీ అద్దం మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు. మా ఆయన ఉద్యోగం ఆ గనిలోనే కాబట్టి నల్ల దుమ్మును ఎవరినీ ఏమీ అననివ్వడు. మనకు అన్నం పెట్టే దుమ్ము అంటాడు. అన్నం పెట్టే ఆ దుమ్మును ఆయన ఒక్కనాడైనా తుడవగా నేను చూడలేదు.

తుడిచే బాధ్యత మా మామయ్యది. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంజన్ల కింద పడుకొని మొహం మీద నల్ల నూనె కారించుకున్నందుకో ఏమో, రిటైరైన మర్నాటి నుంచి ప్రపంచాన్ని శుభ్రం చేసే పని పెట్టుకున్నాడు. అద్దానికైతే ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు తడిపిన పేపరు. పేపరుకు లొంగకపోతే కిరోసిన్. దానికీ లొంగకపోతే తెల్ల పళ్ళపొడి. చేతిగడియారం అద్దం మీద గీతల్ని పళ్ళపొడితో మాయం చేసిన చరిత్ర ఆయనకు ఉంది. ఆ గడియారాన్ని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తాడు. మా టీవీ రిమోటు మీద అంకెలు ఉండవు. తుడిచి తుడిచి చెరిపేశాడు. మేం ఛానెళ్ళను అంచనా మీద నొక్కి, ఏది వస్తే అది చూస్తాం.

నేను అశ్వారావుపేట దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊరి బడిలో టీచర్ని. బస్సు పామాయిల్ తోటల మధ్య నుంచి పోతుంది. బడి వెనక చెరువు. చలికాలం వచ్చిందంటే ఆ చెరువులో ఎక్కడెక్కడి పక్షులో దిగుతాయి. నలభై దాటాక ఆడవాళ్ళకు చీటీల పిచ్చో బంగారం స్కీముల పిచ్చో పట్టడం మా స్టాఫ్ రూములో మామూలు. నాకు పిట్టల పిచ్చి పట్టింది. మిగతావాళ్ళు నన్ను జాలిగా చూసేవాళ్ళు.

పెనుబల్లిలో పెళ్ళి ఫోటోలు తీసే ఒకతను డ్రోన్ కొనుక్కుంటూ పాత కెమెరా అమ్మకానికి పెట్టాడు. పెళ్ళికూతురి నడినెత్తి చూపిస్తే తప్ప పెళ్ళి జరిగినట్టు ఎవరూ ఒప్పుకోని రోజులు మరి. ఆ కెమెరాను, దాంతో వచ్చే పొడుగాటి లెన్సును నేను తీసుకున్నాను. ఇచ్చేటప్పుడు అతను కూతుర్ని అత్తారింటికి పంపే తండ్రిలా జాగ్రత్తలు చెప్పాడు.

"మేడం, బాడీ పోతే ఇంకోటి వస్తది. లెన్సు జాగ్రత్త. ముందు గాలి కొట్టాలె. దుమ్ము పోయినంకనే బ్రష్షు. బ్రష్షు అయినంకనే బట్ట. దుమ్ముండంగనే బట్ట పెట్టి రుద్దిన్రనుకోండి, ఉప్పుకాయితం పెట్టి రుద్దినట్టే."

"మరి వేలిముద్ర పడితే?" అని అడిగాను.

"లిక్విడు ఒక్క చుక్క, బట్ట మీద. లెన్సు మీద పొయ్యొద్దు, సందుల్లకెళ్ళి లోపలికి దిగుతది. నడిమిట్ల నుంచి అంచుకు గుండ్రంగ, మెల్లగ తుడవాలె. చీర కొంగు, చున్నీ, కర్చీఫు ఏదీ ముట్టియ్యొద్దు. నోటితో ఊదొద్దు, తుంపర పడ్తది."

ఇంత చెప్పి, లెన్సును సంచిలో పెట్టబోయే ముందు దాని మీద "హా" అని ఊది, చొక్కా అంచుతో గిరగిరా రెండు తిప్పులు తిప్పి తుడిచాడు. నేను నోరు తెరిచి చూస్తుంటే నవ్వాడు.

"అలవాటు మేడం. మీరు మాత్రం చెయ్యకున్రి."

అతను చెప్పింది మాత్రమే పట్టుకుని, చేసింది వదిలేశాను. రబ్బరు బుడ్డి లాంటి బ్లోయరు, మెత్తటి బ్రష్షు, మైక్రోఫైబర్ గుడ్డ, చిన్న సీసాలో లిక్విడు తెప్పించుకున్నాను. పార్సిల్ విప్పగానే మా అత్తయ్య ఆ రబ్బరు బుడ్డిని చేతిలోకి తీసుకుని ఒత్తి చూసింది.

"ఏంది బిడ్డా ఇది? చంటిపిల్లల ముక్కు చీమిడి తీసేదా?"

"లెన్సుకు గాలి కొట్టేది అత్తయ్యా."

ఆ పూట కరెంటు లేదు. అత్తయ్య చెమట తుడుచుకుంటూ పైన ఆగిపోయిన ఫ్యాను వైపు చూసింది.

"మనుషులకు గాలి లేదు గాని, అద్దానికి గాలి" అంది.

ఆదివారం పూట భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరుచుకుని నేను లెన్సు శుభ్రం చేసుకుంటుంటే మామయ్య ఎదురు కుర్చీలో కూర్చుని చూసేవాడు. ఆయన మొహంలో కనిపించే బాధ అంతా ఇంతా కాదు. ముందు లెన్సు మూతి కిందికి వంచి బుడ్డితో గాలి కొట్టేదాన్ని. అంచుల వెంట బ్రష్షుతో దులిపేదాన్ని. వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ఇంకా మరక ఉంటేనే గుడ్డ తీసేదాన్ని. మా ఇంట్లో ఒక వస్తువు ఇంత మెల్లగా శుభ్రమవడం ఆయన ఏనాడూ చూసి ఉండడు.

"గంత చిన్న అద్దానికి గింత సేపా బిడ్డా? నాకియ్యి. డిపోల బస్సు ముందటద్దమే రెండు నిమిషాల్ల తళతళలాడిస్తుంటి."

"ఇది మీరు ముట్టుకోవద్దు మామయ్యా."

"ముట్టుకుంటే ఏమైతది? అరిగిపోతదా?"

"అవ్ మామయ్యా, అరిగిపోతది."

ఆయన పగలబడి నవ్వాడు. కోడలు జోకు వేసిందనుకున్నాడు. అప్పటికి నేను కూడా అది జోకు అనే అనుకున్నాను.

ఎండాకాలంలో వేంసూరులో మా చుట్టాల గృహప్రవేశం అయింది. మామయ్య మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయాడు. నేను, మా ఆయన, అత్తయ్య వెళ్ళాం. ముందురోజే నేను చెరువు దగ్గర నుంచి వచ్చాను. లెన్సు మీద ఎర్ర దుమ్ము పడింది, వేలిముద్ర కూడా ఒకటి పడింది. తీరిగ్గా చేసుకుందాంలే అని కెమెరాను సంచిలో పెట్టి బల్ల మీదే వదిలేశాను. ఇంట్లో ఒక మెకానిక్‌ను, కాస్తంత మురికిని, రోజంతా తీరికను ఒకేచోట వదిలి వెళ్తే ఏమవుతుందో ఆ పూట నాకు తట్టలేదు.

సాయంత్రం వచ్చేసరికి మామయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా టీపాయ్. దాని మీద పరిచిన పేపరు. పేపరు మీద నా కెమెరా, పక్కన స్టీలు గిన్నెలో నీళ్ళు, చిరిగిన బనీను గుడ్డ, పళ్ళపొడి డబ్బా. ఆపరేషన్ చేసి బయటికొచ్చిన డాక్టరు మొహంలో ఉండే అలసట, గర్వం ఆయన మొహంలో ఉన్నాయి.

"చూడు బిడ్డా, ఎట్లుందో" అన్నాడు.

చూశాను. లెన్సు మెరుస్తోంది. మంచినీళ్ళ గ్లాసు మెరిసినట్టు, షోకేసు అద్దం మెరిసినట్టు, ఏ రంగూ లేకుండా, తెల్లగా, అమాయకంగా మెరుస్తోంది.

"మీద దుమ్ము ఊకెనే పోయింది. గాని దాని కింద ఊదా రంగు మరక ఒకటుండె, వంకాయ తొక్క లెక్క. జల్దీ పోతదా అది! పేపరు పెట్టిన, పోలే. కిరోసిన్ పెట్టిన, పోలే. అన్నం తిన్నకాడ్నించి పళ్ళపొడి పెట్టి రుద్దుతనే ఉన్న. ఇగో, ఇప్పుడు పోయింది. ఆ పెనుబల్లి పోరడు నిన్ను మోసం చేసిండు బిడ్డా. మరకున్నదాన్ని అంటగట్టిండు."

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. కెమెరా లెన్సు మీద కంటికి ఆనని సన్నటి పూత ఒకటి ఉంటుంది. పడిన వెలుతురు అద్దం మీద నుంచి చెదిరిపోకుండా లోపలికి పోనిచ్చేది అదే. లెన్సును వెలుగులో కాస్త వాల్చి చూస్తే అది ఊదాగానో ఆకుపచ్చగానో మెరుస్తుంది. లెన్సు కొనేటప్పుడు అందరూ మొదట చూసేది ఆ మెరుపునే. నాది అసలే పాత లెన్సు, వయసైపోయిన పూత. దాన్ని మా మామయ్య ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, తన మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి, కోడలి మీద ప్రేమతో, తోమి పారేశాడు.

ఏమనాలి? ఇరవై ఏళ్ళ కాపురంలో నేర్చుకున్నది ఆ క్షణంలో నన్ను ఆదుకుంది.

"మంచిగుంది మామయ్యా" అన్నాను.

తర్వాత బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, బకెట్టు నిండేదాకా ఏడ్చాను. నిండాక ఆ నీళ్ళతోనే మొహం కడుక్కున్నాను. నీళ్ళు వృథాగా పారబోస్తే మామయ్యకు నచ్చదు.

రాత్రి భోజనాలప్పుడు మా ఆయనతో వంటింట్లో మెల్లగా చెప్పాను. ఆయన పెరుగు కలుపుకుంటూ విన్నాడు.

"నాయన మంచికే చేసిండు గదనే" అన్నాడు.

"అవ్. అదే బాధ. చెడుకు చేసినోళ్ళనైతే తిట్టుకోవచ్చు."

"పోనీ తీ, కొత్త అద్దం ఏపిద్దాం."

కళ్ళజోడు అనుకున్నాడు పాపం. గనిలో ఎంతో పెద్ద మిషన్లు నడిపే మనిషి, ఇంటికొచ్చేసరికి ఇంత తేలిగ్గా ఆలోచిస్తాడు.

ఆ తర్వాత సెలవు రోజున ఖమ్మం వెళ్ళాను. ఖిల్లా వైపు ఒక సందులో తాతల నాటి నుంచి గడియారాలు, కెమెరాలు బాగుచేసే సాయిబుల దుకాణం ఉంది. ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు లెన్సును ట్యూబ్‌లైటు కింద పెట్టి చాలాసేపు తిప్పాడు. నాడి దొరకని పేషెంటును చూసినట్టు చూశాడు.

"ఎవలు చేసిన్రమ్మా ఇది?"

"ఇంట్ల వాళ్ళే."

"ఏం పెట్టి రుద్దిన్రు?"

"పళ్ళపొడి."

అతను లోపలికి తల తిప్పి గట్టిగా పిలిచాడు. "భాయీ, జల్దీ ఇటు రా. చూడు ఒకసారి."

అన్న వచ్చాడు. ఇద్దరూ చెరో వైపు నుంచి చూశారు. నా దుఃఖానికి వాళ్ళ మొహాల్లో కనిపించిన ఆనందానికి ఏ సంబంధమూ లేదు.

"శానిటైజరు పోసినోళ్ళను చూసినం" అన్నాడు అన్న. "స్పిరిట్ పోసినోళ్ళను చూసినం. గోటితో గీకినోళ్ళను చూసినం. గాని కోటింగు మొత్తం, అంచులతో సహా గింత సాఫుగ తీసినోళ్ళను ఇప్పుడే చూసుడు. ఆయన చేతిల పనుందమ్మా."

ఈ ప్రశంసను ఇంటికి మోసుకెళ్ళి మామయ్యకు అందించాలా అని ఒక్క క్షణం ఆలోచించాను.

"బాగు చెయ్యరాదా?" అని అడిగాను.

"ముందటి అద్దం మార్చాలె. దానికన్నా ఇంకో లెన్సు తీసుకునుడే నయం. ఫోటోలైతే వస్తయమ్మా. కాకపోతే ఎండకు వీపు పెట్టి తియ్యున్రి. ఎదురు వెలుతురు పడ్డదనుకో, పాలు పోసినట్టు తెల్లగైతది."

ఎండకు వీపు పెట్టడం ఎంత సులువో మా చెరువును చూస్తే తెలుస్తుంది. నిలబడటానికి వీలున్న కట్ట పడమటి వైపు ఉంది. పక్షులు దిగేది తూర్పు వైపు. నాకు వీలు దొరికేది బడి మొదలయ్యే ముందు, పొద్దున పూట. అంటే సూర్యుడు నిలువునా నా మొహం మీదే. అవతలి గట్టు మీద తుమ్మ ముళ్ళు, వాటి వెనక అడవి. పక్షులను ఇవతలికి రమ్మని, సూర్యుణ్ణి అటు జరగమని చెప్పే చనువు నాకు లేదు. ఆ ఏడాది చలికాలం మొత్తం పాలలో మునిగిన కొంగలను, మజ్జిగలో ఈదే బాతులను తీశాను. మా బడిలో సైన్సు చెప్పే టీచరు ఒక ఫోటో చూసి మెచ్చుకుంది కూడా.

"మంచు ఎఫెక్టు బాగొచ్చింది మేడం. యాప్‌లో పెట్టారా?"

"లేదు మేడం, ఇంట్లో పెట్టించాం" అన్నాను.

ఇంత జరిగినా మామయ్యకు విషయం తెలియదు. ఆయన దృష్టిలో ఆయన నాకు గొప్ప ఉపకారం చేశాడు. ఆ ఉపకారాన్ని కొనసాగించాలని కూడా ఆయనకు ఉంది. వారం తిరిగేసరికి "కెమెరా ఏది బిడ్డా, ఒక చెయ్యి వేస్త" అనేవాడు. కెమెరాను దాచక తప్పలేదు. సకినాల కోసం ఉంచిన మూత బిగుతుగా పట్టే పెద్ద స్టీలు డబ్బా ఖాళీగా ఉంటే అందులో పెట్టాను. చెప్పుల పెట్టెల్లో, కొత్త సంచుల్లో వచ్చే తేమ పీల్చే చిన్న చిన్న పొట్లాలు పోగేసి చుట్టూ వేశాను, వానాకాలంలో లెన్సులో బూజు పట్టకుండా. ఒకరోజు అత్తయ్య సకినాలు ఉన్నాయేమోనని మూత తీసి, మూసి, నా దగ్గరికొచ్చింది.

"డబ్బాల ఏందది?"

జరిగింది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. పెళ్ళైన కొత్తలో తన వెండి పట్టీలకు ఏమైందో ఒక్క ముక్కలో చెప్పి, డబ్బాను అటక మీదికి ఇంకాస్త లోపలికి నెట్టింది. ఆ పొద్దు నుంచి మామయ్య ఎప్పుడు అడిగినా నాకన్నా ముందు ఆమే జవాబు చెప్పేది.

"కెమెరా బడిల ఉందట."

"బడిల ఎవరు తుడుస్తున్రో ఏమో" అని మామయ్య దిగులుపడేవాడు.

ఆ మరుసటి ఏడాది మామయ్య చూపులో తేడా మొదలైంది. చారు గిన్నెలో పడాల్సిన గరిటె పచ్చడి గిన్నెలో పడేది. పలకరించిన వాళ్ళను గొంతును బట్టి గుర్తుపట్టేవాడు. ఒకరోజు ఖమ్మం బస్సనుకుని రాజమండ్రి బస్సెక్కి, అశ్వారావుపేటలో దిగి, ఎండలో వెనక్కి తిరిగి వచ్చాడు. డిపోలో అన్నేళ్ళు పనిచేసిన మనిషి. ఎవరైనా నవ్వుతారేమోనని ఆయనే ముందు అందుకున్నాడు.

"బోర్డు మీద బారెడు దుమ్ము. ఒక్కడూ తుడుస్తలేడు. ఇప్పుడు డిపోల్ల పని చేసేటోడు ఎవడుండు?"

ఖమ్మంలో కంటి దవాఖానాకు నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికైన మనిషి. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని, ముందు కుడి కన్నుకు ఆపరేషన్ చేద్దామని చెప్పింది.

"లోపల మసకబారిన లెన్సు తీసేసి కొత్త లెన్సు వేస్తాం తాతగారూ. చక్కగా కనిపిస్తుంది."

మామయ్య ముందుకు వంగాడు. "లెన్సా? మా కోడలి కెమెరాకు ఉన్నసొంటిదా?"

"అలాంటిదే. చాలా చిన్నది."

"మరి దానికి మరక పడ్తే ఎట్ల తుడవాలె?"

"తుడవకూడదు. రుద్దకూడదు. కొన్నాళ్ళపాటు కంటిని ముట్టుకోనే కూడదు. నీళ్ళు పడకూడదు, దుమ్ము పడకూడదు." ఆమె నా వైపు తిరిగింది. "అమ్మా, ఈయన చెయ్యి ఊరుకునేలా లేదు. మీరే చూసుకోవాలి."

"చూసుకుంటానండీ" అన్నాను. నా జీవితంలో ఏ బాధ్యతనూ అంత ఇష్టంగా ఒప్పుకోలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ తర్వాతి రోజుల్లో మా ఇంట్లో పద్ధతులు మారాయి. మామయ్య నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చునేవాడు. భుజం మీద తువ్వాల కనిపిస్తే అత్తయ్య లాగేసుకునేది. గని వైపు గాలి లేచిందంటే నేను కుర్చీతో సహా లోపలికి రమ్మనేదాన్ని. ఆయన చెయ్యి మెల్లగా కళ్ళద్దాల కిందికి పోతుంటే, ఏ గదిలో ఉన్నా నాకు తెలిసిపోయేది.

"చెయ్యి తియ్యండి మామయ్యా."

"జర అంచు తుడుస్తున్న, గంతే."

"అంచు కూడా వద్దు."

"తడి గుడ్డతోని?"

"అస్సలు వద్దు."

"దురద పెడ్తంది బిడ్డా."

"చుక్కలు వేస్తాను, పడుకోండి."

"గింత చిన్న అద్దానికి గింత కథ ఏందో" అని గొణుక్కుంటూ పడుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కలిగిన తృప్తిని దాచుకోలేను.

రోజూ పొద్దున సబ్బుతో చేతులు కడుక్కుని, మరగబెట్టి చల్లార్చిన నీళ్ళలో దూదిని ముంచి పిండి, డాక్టరమ్మ చూపించినట్టు కంటి రెప్ప మీద మాత్రం ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడిచేదాన్ని. ఒక్కో దూదిని ఒకసారే వాడాలి. ఆయన ఊపిరి బిగబట్టి, రెండు చేతులూ కింద పెట్టుకుని, స్కూల్లో టీకా వేయించుకునే పిల్లవాడిలా కూర్చునేవాడు. అన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా ఆయన మొహాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చెంప మీద ఎప్పుడో ఇంజన్ ఆవిరి తగిలిన మచ్చ ఉంది. కనురెప్పలు పలచగా ఉన్నాయి. నా కోపాన్ని ఎక్కడో పెట్టి మర్చిపోయినట్టు వెతుక్కోవాల్సి వచ్చేది. వెతికితే దొరికేది, కానీ పదును పోయింది.

కన్ను నయమయ్యాక మామయ్య మొదట చూసింది మా ఇంటి మురికి.

"ఇల్లు గింత గలీజుగుందా ఇన్నొద్దుల్నుంచి? గోడల మీద గా చారలేంది? ఫ్యాను రెక్కలు చూడున్రి!" అని అరిచాడు.

మా ఆయన ఫ్యాను కింద నుంచి లేచి మెల్లగా డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చూసింది నా ఫోటోలను. ఒక ఆదివారం నేను కంప్యూటర్లో పాత ఫోటోలు సర్దుకుంటున్నాను. కెమెరా కొన్న మొదటి చలికాలం నాటివి, ఆ తర్వాతివి అన్నీ వరసగా వస్తున్నాయి. వెనక నుంచి మామయ్య గొంతు వినిపించింది.

"జర వెనక్కి పో. ఆ ముందటిది."

వెనక్కి వెళ్ళాను.

"గీ కొంగకు కన్ను గూడ కనపడ్తంది. తర్వాత దాంట్ల కొంగే కనపడ్తలేదు. ఏందిది?"

"ఎదురెండ మామయ్యా."

"ఇది గూడ ఎదురెండే గదా? చెరువు అదే, కట్ట అదే, నీళ్ళ మీద మెరుపు అదే." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బస్సు ఎక్కడ ఆగిపోయింది, ఆగేముందు ఏ చప్పుడు వచ్చిందని డ్రైవరును అడిగే గొంతుతో అడిగాడు. "ఎప్పటి నుంచి గిట్లొస్తున్నయ్?"

జవాబు వంటింట్లోంచి వచ్చింది.

"నువ్వు పళ్ళపొడి పెట్టి తోమినకాడ్నించి" అంది అత్తయ్య.

మామయ్య తెర మీది తెల్లటి ఫోటో వైపు వేలు చూపించాడు.

"ఆ ఊదా మరక..."

"మరక కాదు మామయ్యా. దాని మీది పూత."

"మరి ఆనాడే చెప్పకపోయినవ్?"

"చెప్తే పూత తిరిగొస్తదా?"

"రాదు. గాని రెండోపారి తుడవకపోదును గదా."

"అందుకే అటక మీద దాచినం" అంది అత్తయ్య.

ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ తగిలింది ఆ అటక మాట. తన ఇంట్లో తనకు దొరక్కుండా ఒక వస్తువును దాచారు. ఆ పూట పెరుగు కూడా కలుపుకోకుండా అన్నం దగ్గర నుంచి లేచాడు. చెయ్యి కడుక్కున్నాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"డిపోలైతే సస్పెండ్ చేసేటోళ్ళు బిడ్డా. నువ్వు మంచిగుంది అన్నవ్. నేను ఊరంతా చెప్పుకున్న." అటక వైపు చెయ్యి చూపించాడు. "ఒకపారి తీసుకరా. ముట్ట. చూస్త, గంతే."

నేను, అత్తయ్య మొహమొహాలు చూసుకున్నాం. డబ్బా దింపాను. ఆయన రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, లెన్సు ముందు వంగి, అటు నుంచి ఇటు నుంచి చూశాడు. టార్చి తెచ్చి నన్నే పట్టుకోమన్నాడు. పక్క నుంచి వెలుతురు కొట్టమన్నాడు.

"పక్కల్నించి పడే వెలుతురు లోపల చెదురుతంది. బస్సుకు ఎండ కొడ్తే డ్రైవరు నెత్తి మీద రేకు వంచుతం. దీనికి గూడ నీడ పెట్టాలె."

లెన్సు ముందు తొడిగే నీడగొట్టాలు షాపుల్లో అమ్ముతారని చెప్పాను. డిపో మెకానిక్‌ను పట్టుకుని అలా అనడం ఎంత పెద్ద అవమానమో ఆయన చూసిన చూపులో అర్థమైంది. నీళ్ళ పైపు ముక్క తెచ్చి, కోసి, అంచులు అరగదీసి, లోపల నల్ల రంగు పూశాడు. లెన్సును మాత్రం ముట్టుకోలేదు. కొలత కోసం దాని మూతను అడిగి తీసుకున్నాడు. మొదటి గొట్టం ఎంత పొడుగు పెట్టాడంటే, తీసిన ఫోటోలన్నీ బావి లోపల్నించి చూసినట్టు గుండ్రంగా వచ్చాయి. కొంగ బావిలో పడినట్టుంది అన్నాను. ఆయన నవ్వలేదు. రెండోది పొట్టిగా చేశాడు. అది సరిపోయింది.

మనిషిలో ఇంకో మార్పు కూడా వచ్చింది. కొత్తగా దీక్ష పుచ్చుకున్నవాళ్ళకు ఉండే పట్టుదల పట్టుకుంది. ఆదివారం నేను లెన్సు శుభ్రం చేస్తుంటే ఇన్‌స్పెక్టరులా పక్కన నిలబడతాడు.

"గాలి కొట్టినవా? ముందు గాలి. మూతి కిందికి వంచు, లేకపోతే దుమ్ము దాంట్లనే పడ్తది. ఆఁ, ఇప్పుడు బ్రష్షు. ఆగు ఆగు, బ్రష్షు కొసను వేలితో ముట్టినవ్. చేతి జిడ్డు అంటదా?"

ఇంటికొచ్చిన చుట్టం కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకోబోతే చెయ్యి పట్టి ఆపుతాడు. ఆ మనిషికి పూత గురించి, దుమ్ము గురించి అరగంట చెప్తాడు. కళ్ళజోడు లేక ఎదుటివాళ్ళు ఎవరో తెలియని ఆ చుట్టం, గొంతు వచ్చిన వైపు తల తిప్పి అంతా వింటాడు.

మొన్నటి చలికాలంలో ఒక సెలవు రోజు నాతోపాటు చెరువుకు వస్తానన్నాడు. గొట్టం పెట్టినా పొద్దుటి ఎండ మరీ కిందుగా ఉంటే ఇంకా కాస్త పాలు పోసినట్టే వస్తున్నాయని నేను నోరు జారాను. మామయ్య నల్ల గొడుగు పట్టుకుని బయల్దేరాడు. కట్ట మీద నేను కెమెరా పెట్టుకుని కూర్చుంటే, ఆయన పక్కన నిలబడి గొడుగును సూర్యుడికీ లెన్సుకూ మధ్య అడ్డం పట్టాడు. పామాయిల్ తోటలోకి పనికి పోతున్న ఆడవాళ్ళు ఆగి చూశారు.

"ఏం పెద్దాయనా, కోడలికి గొడుగు పడ్తున్నవా?" అని ఒకామె నవ్వింది.

"కోడలికి కాదు. అద్దానికి" అన్నాడు మామయ్య, చాలా గంభీరంగా.

చాలాసేపు కూర్చున్నాం. ఆయన చెయ్యి నొప్పి పుడితే ఇంకో చేతికి మార్చుకున్నాడు కానీ దించలేదు. అవతల ఎండిన కొమ్మ మీద లకుముకి పిట్ట వచ్చి వాలింది. నీలం రంగు, ఎర్రటి ముక్కు, కొమ్మ మీద నీడ, అన్నీ అద్దంలో కడిగినట్టు కనిపిస్తున్నాయి. ఒక్క చుక్క పాలు లేవు. నేను ఊపిరి బిగబట్టి, ఫోకస్ సరిచేసుకుని, వేలు నొక్కబోతున్నాను.

"అగో! అగో బిడ్డా! నీలం పిట్ట!" అని మామయ్య అరిచాడు. కొత్త కన్నుతో ఆయనకు అది అప్పుడే కనిపించింది.

నా వేలు నొక్కుకుంది. పిట్ట లేదు.

ఆ ఫోటో మామయ్య ఫోనులో ఉంది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. ఎండిన కొమ్మ ఒకటి, ఫోటో మధ్యలో, ఖాళీగా. కొమ్మ మీది పగుళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు.

"చూసిన్రా" అంటాడు. "ఒక్క మసక లేదు."